పోచంపల్లి పట్టు అని చెప్పి ప్రింట్ చీర ఇస్తున్నారు, పెళ్లిళ్లకు కొనేవాళ్లు జాగ్రత్త

పెళ్లిళ్లకు చీరలు కొనబోతున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే షాపుకు వెళ్లండి.

విజయవాడ హైవే మీద 'మగ్గం నుంచి నేరుగా' అని బోర్డు పెట్టిన ఒక షాపులో మా ఆడపడుచుకు పోచంపల్లి పట్టు చీర తీసుకున్నాం. ఐదు వేల లోపే. "ప్యూర్ పట్టమ్మా, మా సొంత మగ్గం" అన్నారు. ఫాల్ కుట్టడానికి ఇస్తే టైలరమ్మ చీర తిరగేసి చూపించింది. లోపలివైపు రంగు బాగా వెలిసినట్టుంది. కొంగు చివర ఒక పోగు లాగి వెలిగిస్తే కరిగి గట్టి ఉండ కట్టింది. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. బిల్లు తీసి చూస్తే 'ఫ్యాన్సీ శారీ' అని రాసి ఉంది. నోటితో చెప్పింది ఒకటి, కాగితం మీద పెట్టింది ఇంకొకటి.

వెనక్కి తీసుకోమంటే ఒప్పుకోలేదు. ఓనర్ అన్నదిదీ: "అసలైనవి పెడితే కదలవమ్మా. అందరికీ ఆ డిజైనే కావాలి, రేటు చెప్పగానే లేచి వెళ్లిపోతారు."

అబద్ధం చెప్పి అమ్మినందుకు అది సాకు కాదు. కానీ ఆ మాటలో నిజం ఉంది, నన్ను ఎక్కువ బాధపెడుతున్నది అదే. పోచంపల్లి చీరలు నేసే పద్ధతిని ఇక్కత్ అంటారు. ఇందులో డిజైన్ బట్ట మీద వేసేది కాదు. నేయకముందే పోగులకు కట్లు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. అంతకన్నా ముందు ఆసు పోయాలి, అంటే కట్లు కట్టడానికి వీలుగా పోగును మేకుల చుట్టూ వరసగా చుట్టాలి. ఒక్క చీరకు ఆడవాళ్లు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాల్సి వచ్చేది. అమ్మ పడే ఆ కష్టం చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. పట్టు దారమే కిలో వేలల్లో ఉంటుంది. అలాంటి చీర, మిల్లు ప్రింట్ ఒకే రేటుకు ఎలా వస్తాయి?

మనం రేటు ఒక్కటే అడిగితే షాపువాళ్లు ఆ రేటుకు సరిపోయే సరుకే తెప్పిస్తారు. అసలు చీర అరలో ఉండిపోతే డబ్బు ఇరుక్కుపోతుంది, ప్రింట్ అయితే వారంలో ఖాళీ. తర్వాత ఆర్డర్ ప్రింట్‌కే వెళ్తుంది. మగ్గానికి పని తగ్గుతుంది, నేతన్న పిల్లలు వేరే పని వెతుక్కుంటారు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతానికే చెందిన సరుకు అనే గుర్తింపు వచ్చింది. కొనేవాళ్లు అడగకపోతే ఆ గుర్తింపు మాత్రం ఏం చేస్తుంది?

బడ్జెట్ తక్కువైతే ప్రింట్ కొనుక్కోవడంలో తప్పేమీ లేదు, ప్రింట్ అని చెప్పి ప్రింట్ రేటుకు ఇస్తే చాలు. లేదా అదే డబ్బుతో నూలు (కాటన్) ఇక్కత్ చీరలు చూడండి, చాలా అందంగా ఉంటాయి.

కొనేటప్పుడు చీర తిరగేసి చూడండి. ఇక్కత్‌లో రెండువైపులా రంగు ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టు కనిపిస్తాయి. గీత గీసినట్టు పదునుగా ఉంటే అనుమానించండి. అదొక్కటే చూసి నమ్మొద్దు, పోగులకే ప్రింట్ వేసి మరమగ్గం మీద నేసేవీ ఉన్నాయి. సిల్క్ మార్క్ లేబుల్ పట్టుకు, హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ చేనేతకు. రెండూ వేర్వేరు, రెండూ అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, బిల్లు మీద 'చేనేత, ప్యూర్ సిల్క్' అని రాయించుకోండి. రాయడానికి నసిగితే అక్కడితో లేచి వచ్చేయండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోళ్లకు కేసు ఫీజు కూడా లేదు. మేం ఫిర్యాదు పెట్టాం. మీ దగ్గర కూడా 'ఫ్యాన్సీ శారీ' అని రాసిన ఇలాంటి బిల్లు ఉంటే పారేయకండి, చీరతో పాటు దాచి పెట్టండి.