క్యూ ఉండాలి, దాని పక్కన యు ఉండకూడదు: జిజివా గురించి నా మాట

స్క్రాబుల్‌లో క్యూ పలక చేతికొచ్చినప్పుడు పుట్టే టెన్షన్ ఆడేవాళ్ళకే తెలుసు. పది పాయింట్ల అక్షరం, కానీ చాలాసార్లు తోడుగా యు దొరకదు. మొత్తం 100 పలకల్లో యు ఉన్నవి నాలుగే. కాబట్టి యు తోడు లేకుండా క్యూ వచ్చే పదాలు ముందే నేర్చుకుని ఉండాలి. ఆ జాబితా కోసం వెతుకుతూ జిజివా అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ దగ్గరికి చేరాను. స్క్రాబుల్ పదాలు వెతకడానికీ నేర్చుకోవడానికీ చేసింది అది. కొన్నేళ్ళుగా ల్యాప్‌టాప్‌లో అదే వాడుతున్నాను. అందులో క్విజ్‌లున్నాయి, మర్చిపోయిన పదాల్ని మళ్ళీ మళ్ళీ అడిగే ఏర్పాటుంది. వాటి గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు నచ్చింది మాత్రం ఒక్కటే, అందులో పదాలు వెతికే పద్ధతి.

మామూలు పదాల యాప్‌లలో రెండు గడులుంటాయి: ఈ అక్షరాలు ఉండాలి, ఈ అక్షరాలు వద్దు. మొదటి దాంట్లో క్యూ, రెండో దాంట్లో యు కొడితే తలాక్, ఫకీర్, నికాబ్ వస్తాయి. బుర్ఖా రాదు. ఇంగ్లీషులో దాన్ని బి-యు-ఆర్-క్యూ-ఎ అని రాస్తే అందులో యు ఉంది మరి, కాకపోతే క్యూ తర్వాత లేదు. ఎస్-యు-క్యూ అనే మూడక్షరాల పదం కూడా ఇలాగే జారిపోతుంది. ఆటలో నాకు కావలసింది యు లేని పదం కాదు, క్యూ వెంటనే యు రాని పదం. ఈ రెండూ ఒకటి కాదని ఆ యాప్‌లకి చెప్పే దారే లేదు.

జిజివాలో ఉంది. క్యూ ఉండాలని ఒక షరతు పెడతాను. దాని కింద ఇంకో షరతు: నక్షత్రం గుర్తు, క్యూ, యు, మళ్ళీ నక్షత్రం. అంటే ముందూ వెనకా ఏమున్నా సరే, మధ్యలో క్యూ-యు జంట ఉన్న పదాలు. ఆ షరతు పక్కనే ‘నాట్’ అని ఒక చిన్న గడి ఉంటుంది. అందులో టిక్ పెడితే ఆ జంట ఉన్నవన్నీ పోతాయి. బుర్ఖా వచ్చేస్తుంది, ఖవ్వాలీ కూడా. హైదరాబాద్‌లో పెరిగినవాడికి ఈ జాబితాలో చాలా పదాలు చెవికి పాతవే, స్పెల్లింగ్ గుర్తుంచుకుంటే చాలు. కావాలంటే మూడో షరతుగా అయిదక్షరాలకి మించకూడదని పెట్టుకోవచ్చు. ఏది అడిగామో సరిగ్గా అదే చేతికొస్తుంది. మొదటిసారి ఆ జాబితా చూసినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఏ నిఘంటువు ప్రకారం వెతకాలో ముందే ఎంచుకోవడం ఇంకో మేలు. దాని విలువ ఒక సంక్రాంతి సెలవుల్లో తెలిసింది. మా అన్నయ్య వాళ్ళు డాలస్ నుంచి వచ్చారు. వాళ్ళమ్మాయి అక్కడ స్కూల్లో బాగా ఆడుతుంది. ఆట చివర్లో నేను జెడ్-ఓ పెట్టాను. “బాబాయ్, అలాంటి పదం లేదు” అంది. నా ఫోన్లోని యాప్ తెరిచి చూపించాను, ఉందంది. తను తన ఫోన్లో ఇంకో యాప్ తెరిచింది, లేదంది. రెండింట్లోనూ ఏ పుస్తకం ప్రకారం చెబుతున్నాయో ఎక్కడా రాసి లేదు. అన్నయ్య కూతురి పక్షం, మా అమ్మ నా పక్షం. భోజనాలు చల్లారిపోతున్నాయని వదిన వచ్చి బోర్డు మడిచేసేదాకా వాదన తెగలేదు.

రాత్రి జిజివాలో కాలిన్స్ జాబితా (కాలిన్స్ నిఘంటువు పేరు మీదున్న స్క్రాబుల్ పదాల జాబితా) పెట్టి ఆ పదం వెతికితే, పక్కన ఒక హాష్ గుర్తు కనిపించింది. కాలిన్స్‌లో ఉంది, అమెరికా జాబితాలో లేదని ఆ గుర్తుకి అర్థం. మన దేశంలో టోర్నమెంట్లు ఆడేది కాలిన్స్ ప్రకారం, అమెరికా, కెనడాల్లో ఎక్కువగా వాళ్ళ సొంత జాబితా ప్రకారం. 2019 కాలిన్స్‌లో రెండక్షరాల పదాలు 127 ఉంటే, అమెరికా 2018 జాబితాలో 107. తనకీ చూపించాను. ఇద్దరం కరెక్టే అని తేలాక పిల్ల ముఖం వెలిగిపోయింది. ఇప్పుడు పలకలు తీయకముందే ఏ జాబితానో మాట్లాడుకుంటాం.

అడిగిందే ఇస్తుందన్నాను కదా, అలా అడగడం నేర్చుకోవడానికి కొంచెం ఓపిక కావాలి. షరతుల తెర కొత్తవాళ్ళకి లెక్కల పేపర్‌లా కనిపిస్తుంది, మా ఆవిడకి అలాగే అనిపించింది. తను ఆడేది వర్డిల్, అయిదక్షరాల పదాన్ని ఊహించి కనిపెట్టే ఆట. చివర ఐ-జి-హెచ్-టి వచ్చే అయిదక్షరాల పదాలు అడిగితే లైట్, నైట్, ఫైట్‌లతో పాటు మామూలు మాటల్లో ఎవరూ వాడనివి కూడా బయటికొచ్చాయి. వర్డిల్ జవాబులు నలుగురికీ తెలిసిన పదాల్లోంచి వస్తాయి, ఇదేమో చెల్లే పదాలన్నిటినీ ఒకే వరసలో పెడుతుంది. న్యూయార్క్ టైమ్స్ వాళ్ళ స్పెల్లింగ్ బీకీ (ఇచ్చిన ఏడు అక్షరాలతో పదాలు కట్టే ఆట) ఇదే ఇబ్బంది. అక్కడ ఏ పదం ఒప్పుకోవాలో ఎడిటర్లే నిర్ణయిస్తారు. స్క్రాబుల్‌కి బలమైన ఆ పూర్తి జాబితా ఈ రెండు ఆటలకీ బరువే.

ఇంకోటి, జాబితా చదివినంత మాత్రాన బోర్డు మీద పదం కనపడదు. క్యూ-ఐ అనే రెండక్షరాల పదం ఆడేవాళ్ళందరికీ తెలిసిందే. కానీ అక్షరం విలువ మూడు రెట్లయ్యే గడిలో క్యూని వేసి, అడ్డంగానూ నిలువుగానూ ఆ పదమే వచ్చేలా కుదిరితే 62 పాయింట్లు. ఆ చోటు పట్టుకోవడం ఆడి నేర్చుకోవాల్సిందే. ఇక ఆట నడుస్తుండగా ఇది తెరవడం మా ఇంట్లో నిషేధం. పదం మీద ఛాలెంజ్ వస్తేనే చూస్తాం.

నేను ఆదివారాలు ఇంట్లో బోర్డు మీద ఆడే మనిషిని. కూర్చుని జాబితాలు చదవడానికి టైముంది, చదవడం ఇష్టం కూడా. అందుకే నాకింత నచ్చి ఉండొచ్చు. బస్సులో ఫోన్ మీద రోజుకో చిన్న ఆట ఆడేవాళ్ళకి ఇంత అవసరం పడకపోవచ్చు. ఎదుటివాళ్ళతో బోర్డు మీద ఆడేవాళ్ళయితే మాత్రం ముందు రెండక్షరాల పదాలు తీసి, హాష్ గుర్తున్నవి విడిగా రాసుకోండి. అమెరికా నుంచి చుట్టాలొచ్చేటప్పుడు ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.