నొప్పులు మాయం అన్నారు, పటమట జిమ్‌లో మూడు నెలలు చూశా

బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టు బిల్లింగ్ దగ్గర రోజుకు తొమ్మిది గంటలు కూర్చుని కూర్చుని నా నడుము, మోకాళ్లు ఎప్పుడో మూలనపడ్డాయి. పటమటలో మా సందు చివర జిమ్ వాళ్లు "మూడు నెలల్లో నొప్పులు మాయం" అని ఫ్లెక్సీ కడితే, రోజూ దాని కిందనుంచే వెళ్తూ వెళ్తూ చివరికి 4,000 కట్టేశా. పేరు రాయను, రోజూ మొహాలు చూసుకోవాలి.

ముందు తిట్టాల్సినవి. నాలుగు సైకిళ్లలో రెండే తిరుగుతాయి, సాయంత్రం ఆరు దాటితే వాటికి క్యూ. మే నెలలో ఏసీ ఆపేసి ఫ్యాన్లు పెట్టారు, బెజవాడ ఎండల్లో ఇదేంటండీ అంటే చెమట పడితే మంచిదేనట! ప్రొటీన్ డబ్బా కొనమని కౌంటర్ అబ్బాయి నస సరేసరి.

ట్రైనర్ మాత్రం బంగారం. మొదటిరోజే ఫ్లెక్సీ సంగతి అడిగితే "అది ఓనర్ గారు వేయించారక్కా, నొప్పి రాదని నేను చెప్పను, వచ్చినా తట్టుకుంటారు" అన్నాడు. ఏదో తప్పించుకోడానికి అన్నాడనుకున్నా గానీ, తర్వాత చదివితే ఆ మాటకు ఆధారం ఉంది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీ వాళ్లు 12 మందితో వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున, ఆరు వారాలు గట్టిగా సైకిల్ తొక్కించి 2014లో ఫలితం రాశారు. నొప్పి ముందు ఎంత ఒత్తిడికి మొదలయ్యేదో తర్వాతా అంతకే మొదలైంది, కానీ చేతికి పట్టీ బిగించి రక్తం ఆపి పిడికిలి బిగిస్తూ ఉండమంటే మునుపటికన్నా ఎక్కువసేపు ఓర్చుకున్నారు. తొక్కింది కాళ్లతో, ఓర్పు పెరిగింది చేతికి! అయితే వాళ్లంతా ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, నావి అరిగిన మోకాళ్లు.

మొన్న మంగళగిరి పానకాల స్వామి మెట్లెక్కా. మోకాలు ఎప్పటిలాగే సగం దారిలో పట్టుకుంది. ఇదివరకైతే అక్కడే కూలబడి మా ఆయన్ని తిట్టేదాన్ని, ఈసారి అది సలుపుతుంటేనే మాట్లాడుకుంటూ పైదాకా వెళ్లి, పానకం తాగాకే కూర్చున్నా. అలాగని నొప్పి పుట్టినా మొండిగా సైకిల్ తొక్కకండి, కండలు పీకడం వేరు, కీలు కలుక్కుమనడం వేరు, కలుక్కుమంటే వెంటనే దిగిపొమ్మంటాడు ట్రైనర్.

అయిదుకి మూడు ఇస్తున్నా, ఆ మూడూ ట్రైనర్‌కే. మళ్లీ కడతా, కాకపోతే పొద్దున్న ఆరింటి బ్యాచ్‌కి, సైకిల్ దొరకాలి కదా.