తడి చెత్త: బాల్కనీ కుండా, పొద్దున్నే వచ్చే ఆటోనా?

బెంగళూరు మారతహళ్లి వైపు అద్దెకుండే మనవాళ్లకి తడి చెత్త పంపే దారులు ముఖ్యంగా రెండు: చెత్త ఆటో, లేదా బాల్కనీలో ఎరువు కుండ.

ఆటోతో పెద్ద పని లేదు. తడి, పొడి వేరుచేసి, డయాపర్లు, ప్యాడ్లు ఎర్ర బుట్టలో వేస్తే సరి. కానీ పక్కింటివాళ్లు ప్లాస్టిక్ కవరుతో సహా పడేస్తే మీ శ్రద్ధంతా బూడిదలో పోసిన పన్నీరే.

కుండకి ఓపిక కావాలి. చిల్లులున్న మట్టి కుండ అడుగున ఎండుటాకులు పరవాలి. గోంగూర కాడలు, కాఫీ పిప్పి, అరటి తొక్కలు ముక్కలు చేసి వేసి, పైన కొబ్బరి పొట్టు చల్లాలి. వారానికి ఒకట్రెండుసార్లు కలియబెట్టాలి. కాస్త పుల్ల మజ్జిగ చిలకరిస్తే త్వరగా మాగుతుంది. కంపు కొడుతోందంటే తడి ఎక్కువైనట్టే. ఇంకో రెండు గుప్పెళ్ల పొట్టు వేసి కలపండి. తెల్ల పురుగులు చూసి ఇంట్లోవాళ్లు కేకలేస్తారు గానీ, వాటివల్ల ఎరువుకి నష్టమేం లేదు. రెండు మూడు నెలలకి నల్లటి పొడి ఎరువు చేతికొస్తుంది.

చేపల పొలుసులు, ఎముకలు, మిగిలిన కూరలు ఆటోకే. రోజువారీ తొక్కలకి మాత్రం నా ఓటు కుండకే. పెట్టేముందు ఓనరుతో ఓ మాట అనండి.