నర్సంపేట–హన్మకొండ బస్సు: జీరో టికెట్టు వెనక లెక్క

నర్సంపేట నుంచి హన్మకొండకు రోజూ పోయి వచ్చే బతుకు నాది. సుబేదారిలో ఒక ఆడిటర్ సార్ ఆఫీసుల లెక్కలు రాస్త. ఆదివారం, పండుగలు తీసేస్తే నెలకు 25 రోజులు, పోను రాను 50 ట్రిప్పులు. ఫోన్‌కు, మిక్సీకి, చీరల షాపుకు అందరు రివ్యూలు రాస్తరు. నేను ఎక్కువ వాడేది మాత్రం ఆర్టీసీ బస్సు. అందుకే దాని గురించే రాస్తున్న. లెక్కలు రాసే మనిషిని కాబట్టి సీటు మెత్తగ ఉన్నదా, కిటికీ అద్దం జరుగుతదా అన్న కాడ ఆగలేను. ఈ బస్సు ఎవరి పైసలతో నడుస్తున్నది అన్నది కూడా రాస్త.

ముందు నా ఇంటి లెక్క. ఇరవై ఏండ్ల సంది ఖర్చుల పుస్తకం రాస్తున్న. అందుల బస్సు చార్జీలకు విడిగ ఒక గడి ఉంటది. 2022 ఏప్రిల్‌ల డీజిల్ సెస్ వేసినప్పుడు పల్లెవెలుగుకు 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌కు 5 రూపాయలు పెరిగినట్టు అందుల రాసి ఉన్నది. అప్పటికే టోకుగ కొనే డీజిల్ ధర బంకుల ధర కంటె బాగ ఎక్కువైంది. డిపోల బస్సులు బయటి బంకులకు పోయి పోయించుకున్న రోజులవి. 2023 నవంబర్ వరకు ఆ గడిల నెలకు 2,500 తక్కువ ఎప్పుడూ పడలేదు. 2023 డిసెంబర్ 9న ఆడోళ్ళకు ఆర్టీసీ బస్సుల ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం మొదలైంది. ఆ తర్వాత పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ కింద ఆ గడి ఖాళీ. ఆ పైసలు ఎటు పోయినయో కూడా రాసి పెట్టిన: మా మహిళా సంఘంల నా పొదుపు పెరిగింది, మిగతాది బిడ్డ ఇంటర్ ఫీజుకు పోయింది. ఇంట్ల ఎవరినీ అడగకుంట కట్టిన మొదటి ఫీజు అది.

ఇప్పుడు బస్సు సంగతి. పొద్దున ఏడున్నర తర్వాత నర్సంపేట బస్టాండుల ఎక్కితే ముందు సీట్లల్ల కాలేజీ పిల్లలు, నడుమ ఎంజీఎం దవాఖానకు పోయేటోళ్ళు, వెనక కూరగాయల మూటలు. గిర్నిబావి కాడ కూలీ పనులకు పోయే ఆడోళ్ళు ఎక్కుతరు. కొనాయమాకుల దాటి ధర్మారం చేరేటప్పటికి బస్సు నిండుతది. ఇదే దారిల ఒకప్పుడు షేర్ ఆటోల డ్రైవర్ పక్కన సగం సీటు మీద కూర్చొని, ఒక కాలు బయట పెట్టి పోయిన. వానకాలంల ఒకసారి ఆటో గుంతల ఒరిగితే మోచెయ్యి చీరుకపోయింది. ఆ మచ్చ ఇంకా ఉన్నది. బస్సుల కూర్చున్నప్పుడు ఆ భయం లేదు. పెద్ద బండి, లైసెన్సు ఉన్న డ్రైవర్, చేతిల టికెట్ మిషను పట్టుకున్న కండక్టర్, దిగే స్టేజి. నా వరకు ఇదే పెద్ద సౌకర్యం.

ఈ మధ్య గిర్నిబావి కాడ ఒక అవ్వ ఎక్కింది. ఆధార్ కార్డు చూపించి టికెట్ వద్దన్నది. "నాకెందుకు బిడ్డా కాగితం, ఫిరీ కదా" అన్నది.

కండక్టరమ్మ ఆగి చెప్పింది. "అవ్వా, నువ్వు టికెట్ తీసుకోకుంటె నువ్వు బస్సెక్కినట్టు సర్కారుకు తెల్వదు. తెల్వకుంటె మాకు పైసలు రావు."

అవ్వ ఆ టికెట్‌ను నాలుగు మడతలు పెట్టి కొంగుకు కట్టుకున్నది. ఈ పథకం నడిచే తీరు ఇంతకంటె సాఫుగ నేను ఏ పేపర్ల చదవలేదు. ఆడోళ్ళకు ఇచ్చే ఈ జీరో (సున్నా రూపాయల) టికెట్ ఆర్టీసీకి ఒక బిల్లు. మనం దిగినంక ఆ బిల్లు సర్కారు ఖజానాకు పోతది, అక్కడి నుంచి పైసలు రావాలె. మనం టికెట్ తీసుకోకుంటె డీజిల్ కాలుతది, టైరు అరుగుతది, బిల్లు మాత్రం పుట్టదు.

ఆ బిల్లు ఎంత? 2025 జులైల 200 కోట్ల ఉచిత ప్రయాణాలు పూర్తయినయని సర్కారు చెప్పింది. వాటి విలువ 6,680 కోట్ల రూపాయలు. భాగిస్తే ఒక్కో ప్రయాణానికి 33 రూపాయల 40 పైసలు. మొదలైన 19 నెలల చిల్లరకు పంచితే నెలకు 340 కోట్ల పైన. 2025–26 రాష్ట్ర బడ్జెట్‌ల ఈ పథకానికి పెట్టింది 4,305 కోట్లు, అంటే నెలకు దాదాపు 359 కోట్లు. రెండు లెక్కలు దగ్గర దగ్గరగనే ఉన్నయి, కాగితం మీద కేటాయింపు సరిపోతున్నది. ఆ ఏడాది మొత్తం బడ్జెట్ 3,04,965 కోట్లు. వంద రూపాయల బడ్జెట్‌ల మా ఆడోళ్ళ ప్రయాణానికి రూపాయి 41 పైసలు. "మీ వల్లనే ఖజానా ఖాళీ అయితున్నది" అని బస్సుల ఎవరైన అన్నప్పుడు నేను ఈ అంకె చెప్త. కోపంతోటి కాదు, తెలియక అంటరు కాబట్టి.

నా అసలు మాట ఇక్కడి నుంచే. టికెట్ పైసలు వేరు, బస్సు పైసలు వేరు. మా ఆఫీసుల కొత్తగ చేరిన పిల్లలకు మొదటి వారమే ఇది నేర్పుతం: రోజువారీ ఖర్చు ఒక ఖాతా, ఆస్తి కొనుడు ఇంకో ఖాతా. టికెట్ ధరల ఆస్తి అరుగుడుకు కూడా ఎంతో కొంత వాటా ఉంటది. కాని డీజిల్, జీతాలు, పాత అప్పుల వడ్డీ ముందు వరుసల నిలబడితే ఆ వాటా చివరి దాకా రాదు. సర్కారు ప్రతి జీరో టికెట్‌కు రూపాయి బాకీ లేకుంట కట్టినా, కొత్త బస్సుకు విడిగ పెట్టుబడి కావాలె. ఎక్కేటోళ్ళు ఒక్కసారిగ పెరిగిన్రు, బస్సులు ఆ లెక్కన పెరగలేదు. రద్దీ అంతా ఈ తేడాల నుంచే పుట్టింది. డ్రైవర్ల తప్పు లేదు, కండక్టర్ల తప్పు లేదు, ఎక్కిన ఆడోళ్ళ తప్పు అసలే లేదు.

పైగ పాత బస్సులు ఎప్పటికీ నడవవు. 15 ఏండ్లు దాటిన సర్కారు బండ్ల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దయితదని కేంద్రం రూలు తెచ్చింది. ఆర్టీసీల బస్సులకు కూడా అది వర్తిస్తది. మంచి రూలే, పొగ కక్కే బండ్లు రోడ్డు మీద ఉండొద్దు. అయితే ప్రతి ఏడాది కొన్ని బస్సులు తుక్కుకు పోతయి కదా, వాటి జాగల వచ్చే బస్సుకు పైసలు ఏ పద్దుల ఉన్నయి అన్నది బడ్జెట్ పుస్తకంల నేను ముందుగ వెతికే వరుస. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టంల కేంద్రం, రాష్ట్రం కలిసి సంస్థకు పెట్టుబడి ఇయ్యొచ్చని ఉన్నది. ఆ దారి చట్టంల ఇంకా తెరిచే ఉన్నది.

ఇంకో లెక్క కూడా చూడాలె. తెలంగాణల డీజిల్ మీద రాష్ట్ర వ్యాట్ 27 శాతం. ఆర్టీసీ కొనే డీజిల్‌ల నుంచి ఆ పన్ను ఖజానాకు పోతది. ఒక చేతితోటి ఇచ్చిన దాంట్ల కొంత ఇంకో చేతిలకు తిరిగి వస్తున్నదన్న మాట. ప్రజల బండికి పోసే డీజిల్ మీద ఆ పన్ను తగ్గించి, ఆ మిగులు కొత్త బస్సులకే వాడాలని విడిగ రాసిపెడితే బాగుంటదని నా అభిప్రాయం.

బస్సు కొనే పైసలు లేనప్పుడు కొత్త దారులు పుడుతయి. వాటిల నాకు బాగ నచ్చింది మహిళా సమాఖ్యల (పొదుపు సంఘాలు కలిసి ఏర్పడ్డ సంస్థల) బస్సులు. 2025 మార్చి 8న హైదరాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌ల మొదటి విడత 150 బస్సుల పథకానికి జెండా ఊపిన్రు. బస్సు ధర దాదాపు 36 లక్షలు. 30 లక్షలు సర్కారు తరఫున, 6 లక్షలు మండల సమాఖ్య తరఫున. ఆర్టీసీ ఆ బస్సును అద్దెకు తీసుకొని నెలకు 77,220 రూపాయలు ఇస్తది. ఏడాదికి 9,26,640. ఖర్చులు పక్కన పెట్టి ఉత్త అద్దె లెక్క చూస్తే బస్సు ధర నాలుగేండ్ల లోపే తిరిగి వస్తది. నెలకు రెండు వందలు పొదుపు చేసే ఆడోళ్ళు ఒక బస్సుకు ఓనర్లయిన్రు. మా సంఘం మీటింగ్‌ల ఈ అంకెలు బోర్డు మీద రాస్తే, బీడీలు చేసుకుంట బతికిన ఒక పెద్దమ్మ లేచి "మన బస్సుకు టైరు పంచరయితే పైసలెవరియ్యాలె?" అని అడిగింది. అడగవలసిన ప్రశ్న అదే. అద్దె రాబడిల నుంచి నెలనెలా మరమ్మత్తు నిధి పక్కకు తీయకుంటె మూడో ఏడు కష్టమయితది. సమాఖ్యలకు బస్సు ఇచ్చినప్పుడే ఆ లెక్క నేర్పే మనిషిని కూడా ఇయ్యాలె. నన్ను పిలిస్తే ఆదివారం పైసా తీసుకోకుంట పోయి నేర్పుత.

రెండో దారి ఎలక్ట్రిక్ బస్సు. హన్మకొండ నుంచి హైదరాబాద్‌కు ఎలక్ట్రిక్ సూపర్ లగ్జరీల రెండుసార్లు పోయిన. చెవుల ఇంజన్ మోత లేదు, కాళ్ళ కింద వణుకు లేదు. నడుము నొప్పి ఉన్న నా అసుంటి మనిషికి ఈ తేడా జనగామ చేరకముందే తెలుస్తది. దీనికి ఆడోళ్ళమైనా టికెట్ కొనాలె. నేను సంతోషంగ కొన్న. ఈ బస్సులు ఆర్టీసీ కొన్నవి కావు. బస్సు, మెయింటెనెన్సు ప్రైవేటు కంపెనీవి. రూటు, టికెట్ డబ్బు ఆర్టీసీవి. తిరిగిన కిలోమీటర్‌కు ఇంత అని ఆర్టీసీ కంపెనీకి కడుతది. చేతిల కోటి రూపాయలు లేకున్నా బస్సు వస్తది, అది లాభం. సీట్లు నిండినా నిండకున్నా కిలోమీటర్ పైసలు కట్టుడు తప్పదు, అదీ ఏండ్ల తరబడి. ఇంటికి ఫ్రిజ్ కిస్తీ మీద తెచ్చుకున్నంత తేలికగ దీన్ని చూడొద్దు.

కేంద్రం 2023 ఆగస్టుల తెచ్చిన పీఎం ఈ-బస్ సేవ కూడా ఈ పద్ధతే. 57,613 కోట్ల పథకంల కేంద్రం వాటా 20,000 కోట్లు, 10,000 బస్సులు. 12 మీటర్ల పెద్ద బస్సుకు కిలోమీటర్‌కు 24 రూపాయలు, మధ్యరకానికి 22, చిన్నదానికి 20 చొప్పున పదేండ్లు సాయం. 2011 జనాభా లెక్కల ప్రకారం 3 లక్షలు దాటిన నగరాలకు ఇది. మన వరంగల్ అప్పటికే ఆ అంకె దాటింది. పదేండ్ల తర్వాత ఆ సాయం ఆగినప్పుడు కిలోమీటర్ రేటు ఎవరు కట్టాలన్నది ఈ రోజే రాసి పెట్టుకోవాలె.

వరంగల్ నగరం గురించి ఒక మాట. కాజీపేట స్టేషన్ నుంచి వరంగల్ స్టేషన్ దాకా 15.5 కిలోమీటర్ల మెట్రో నియో (రబ్బరు టైర్ల మీద కరెంటుతోటి నడిచే చిన్న మెట్రో) కోసం డీపీఆర్ (పూర్తి వివరాల ప్రాజెక్టు నివేదిక) తయారైంది. ఖర్చు వెయ్యి కోట్ల దరిదాపుల్ల. వస్తే మంచిదే. అయితే పోచమ్మమైదాన్ నుంచి హంటర్ రోడ్డుకు, హసన్‌పర్తి నుంచి ఎనుమాముల మార్కెట్‌కు పోయే మనిషి ఆ ఒక్క గీత మీద ఉండడు. అతనికి కావలసింది పది నిమిషాలకొక సిటీ బస్సు. ఒకప్పుడు హైదరాబాద్‌ల నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ సిటీ బస్సుల నష్టం పూడ్చడానికి ఆర్టీసీకి 336 కోట్లు ఇచ్చి, తర్వాత ఆపేసింది. 2019 ఆర్టీసీ సమ్మె అప్పుడు హైకోర్టుల ఈ సంగతి మీద వాదన నడిచింది. నగరం బస్సును వాడుకుంటది కాబట్టి నగరపాలక సంస్థ కూడా ఎంతో కొంత భరించాలె, అదీ మనసైనప్పుడు ఇచ్చినట్టు కాకుంట బడ్జెట్‌ల ఏటా ఉండే పద్దుగ. ఇంటి పన్ను కట్టే మనిషిగ నేను దానికి ఒప్పుకుంట.

బస్సులు చాలినన్ని ఉంటే ఏమయితదో 2024 ఫిబ్రవరిల మేడారంల చూసిన. సమ్మక్క సారలమ్మ జాతరకు 6,000 స్పెషల్ బస్సులు నడిపిన్రు, ఆడోళ్ళకు ఉచితమే. మా అత్తమ్మకు అప్పటికి 71 ఏండ్లు. అంతకుముందు ఎన్నడూ నన్ను అడగని మనిషి, ఆ ఏడు మాత్రం "నేను గూడ వస్త బిడ్డా" అన్నది. చార్జీ భారం నా మీద పడదని తెలిసి అడిగింది. బంగారం (బెల్లం) మొక్కు తీర్చుకొని తిరుగు బస్సుల నా భుజం మీద నిద్రపోయింది. అన్ని వేల బస్సులు పక్క జిల్లాల నుంచి తెచ్చి నడిపిన్రు కాబట్టి ఆ నాలుగు రోజులు వేరే రూట్లల్ల బస్సులు తగ్గినయి. ఉన్న దుప్పటినే అటు ఇటు గుంజుతున్నం. అందుకే కొత్త బస్సులకు పైసలు పెట్టుండ్రి అని ఇంత గట్టిగ అంటున్న.

మార్కులు: డ్రైవర్లకు, కండక్టర్లకు 5కు 5. ప్రయాణం భద్రతకు 5. బస్సుల సంఖ్యకు 2, ఆ మార్కు సర్కార్ల పద్దులకు.

కొత్తగ ఈ రూట్ల వచ్చే అక్కలకు, చెల్లెండ్లకు: తెలంగాణ అడ్రసు ఉన్న ఒరిజినల్ కార్డు పట్టుకోండ్రి, ఫోన్‌ల ఫొటో చూపిస్తే నడవదు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ దాకనే ఉచితం, డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కేముందు బోర్డు చూసుకోండ్రి. ఒక్క స్టేజి దూరమైనా టికెట్ అడిగి తీసుకోండ్రి. ఆ అవ్వ మొన్న మళ్ళ కనిపించింది. ఎక్కంగనే కండక్టరమ్మ దిక్కు చెయ్యి చాపి, "నా కాగితం ఇయ్యి బిడ్డా, మీకు పైసలు రావాలె కదా" అన్నది.