ఈనిన గేదెకి ఎనర్జీ టానిక్ అంటూ లేబుల్ లేని డబ్బా తెస్తే కొనకండి

చూడి గేదెలు, కొత్తగా ఈనిన గేదెలు ఉన్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి. మా ముర్రా గేదె ఈనాక మొదట్లో పాలు బాగానే ఇచ్చింది, తర్వాత ఉన్నట్టుండి దాణా ముట్టడం మానేసింది. వరిగడ్డి మాత్రం తింటోంది, పాలు సగానికి పడిపోయాయి. సరిగ్గా అప్పుడే బండి మీద ఊళ్లు తిరిగే ఒక ఏజెంట్ వచ్చి "ఎనర్జీ తగ్గిందండీ, ఇది పట్టించండి, వారంలో రెండు లీటర్లు పెరక్కపోతే అడగండి" అని లీటరు డబ్బా 900కి అంటగట్టాడు. డబ్బా మీద పాలబిందె బొమ్మ పెద్దగా ఉంది గానీ లోపల ఏముందో, ఎంత శాతం ఉందో, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఏవీ లేవు. బిల్లు రేపు తెస్తానన్నాడు, ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

అది పట్టించాక పేడ నీళ్లలా పడింది, డొక్కలు లోపలికి పోయాయి. డాక్టరుగారు వచ్చి మూత్రం పట్టి ఒక పొడి మీద రెండు చుక్కలు వేస్తే అది చూస్తుండగానే ఊదారంగులోకి తిరిగింది. కీటోసిస్ అన్నారు, అంటే ఈనాక ఒంట్లో గ్లూకోజ్ చాలక వచ్చే జబ్బు. డబ్బాలోది చేతిలో పోసి చూపిస్తే వేళ్లు అతుక్కుపోయాయి, బెల్లం వాసన.

గేదెకి బెల్లం పాకం పడితే అది గ్లూకోజ్‌గా రక్తంలోకి చేరదు, పెద్ద పొట్టలోనే పులిసిపోతుంది, ఎక్కువైతే అజీర్తి చేస్తుంది. ఈ జబ్బులో పనిచేసేది ప్రొపైలిన్ గ్లైకాల్ లాంటిది, అది లివర్‌లో గ్లూకోజ్‌గా మారుతుంది. ఆ పేరు, శాతం లేబుల్ మీద లేకపోతే డబ్బులు పెట్టకండి. బైపాస్ ఫ్యాట్ (పెద్ద పొట్టలో కరగకుండా దాటిపోయే కొవ్వు) వేరే సంగతి, అది ఈనే ముందు నుంచి దాణాలో కలిపి పెట్టేది, జబ్బు వచ్చాక మందు కాదు.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇంకొకటి. ఆ ఏజెంట్ గేదె మూతి పైకెత్తి, నాలుక బయటికి లాగి పట్టుకుని గడగడా పోసేశాడు. అలా పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు, ప్రాణమే పోవచ్చు. ఈనాక కింద పడి లేవలేని గేదెకైతే నోట్లో అసలేమీ పోయకండి, పాలజ్వరం (ఒంట్లో కాల్షియం పడిపోవడం) కావచ్చు, వెంటనే పశువైద్య అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి.

డాక్టరుగారు నరానికి డెక్స్ట్రోజ్ (గ్లూకోజ్) ఎక్కించాక మా గేదె దాణా తింటోంది, పాలు మాత్రం ఇంకా మునుపటంత లేవు. ఇలాంటి డబ్బా మీ దగ్గరా ఉంటే పారేయకండి, నాలుగు వైపులా ఫొటోలు తీసి మీ డాక్టరుకి చూపించండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టండి.