మ్యాచ్‌డ్ బెట్టింగ్ సబ్‌స్క్రిప్షన్లు: దేనికి డబ్బు కట్టవచ్చు, దేనికి అక్కర్లేదు

బుక్‌మేకర్ (పందేలు తీసుకునే సంస్థ) ఇచ్చే ఆఫర్‌ను వాడుకుంటూ, ఒకే ఫలితం మీద రెండు ఎదురెదురు పందేలు కాసి, ఎవరు గెలిచినా డబ్బు మిగిల్చుకోవడమే మ్యాచ్‌డ్ బెట్టింగ్. బ్రిటన్‌లో నెలనెలా చందా తీసుకుని దీన్ని నేర్పించే సైట్లు చాలా ఉన్నాయి. పేర్లు వేరైనా అమ్మే సరుకు ఇంచుమించు ఒకటే: క్యాలిక్యులేటర్, ఆడ్స్‌మ్యాచర్ (పందేనికి అనువైన మ్యాచ్‌లను వెతికిపెట్టే పరికరం), రోజువారీ ఆఫర్ల జాబితా, అడుగడుగునా చెప్పే గైడ్లు. వీటిలో చందా విలువ చేసేది ఆడ్స్‌మ్యాచర్ ఒక్కటే. అదీ కొత్త ఖాతాల ఆఫర్లు చేతిలో ఉన్న నెల, రెండు నెలలకే. ఆ తర్వాత కూడా చందా కడుతూ పోతే లాభంలో మంచి వాటా సైటుకే పోతుంది. ఎందుకో తెలియాలంటే ముందు ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో లెక్కలో చూడాలి.

‘10 పౌండ్లు పందెం కాయండి, 30 పౌండ్ల ఫ్రీ బెట్ పొందండి’ అనేది బుక్‌మేకర్లు కొత్తవాళ్లకు ఇచ్చే మామూలు ఆఫర్. మొదటి 10 పౌండ్లను ఒక జట్టు గెలుస్తుందని బుక్‌మేకర్ దగ్గర 2.0 ఆడ్స్‌కు (గెలిస్తే అసలుతో కలిపి రెండింతలు) కాస్తాం, ఇది బ్యాక్ బెట్. అదే జట్టు గెలవదని, పందెగాళ్లే ఒకరితో ఒకరు కాసుకునే బెట్‌ఫెయిర్, స్మార్కెట్స్ లాంటి ఎక్స్ఛేంజ్‌లో 2.06 దగ్గర ఎదురు పందెం, అంటే లే బెట్ పెడతాం. ఎక్స్ఛేంజ్ కమీషన్ 2 శాతం అనుకుంటే లే మొత్తం ఇలా వస్తుంది: బ్యాక్ ఆడ్స్‌ను పందెం మొత్తంతో గుణించాలి, వచ్చినదాన్ని లే ఆడ్స్ నుంచి కమీషన్ (0.02) తీసేసిన అంకెతో భాగించాలి. అంటే 20ని 2.04తో భాగిస్తే 9.80 పౌండ్లు. జట్టు గెలిస్తే కట్టాల్సి వస్తుందని ఎక్స్ఛేంజ్ మన ఖాతాలో పట్టి ఉంచే మొత్తం, అంటే లయబిలిటీ, 10.39. జట్టు గెలిచినా, ఓడినా, డ్రా అయినా మనకు పోయేది దాదాపు 40 పెన్నీలే. ఫ్రీ బెట్ చేతికి రావడానికి పెట్టే ఖర్చు ఇంతే. ఈ మొదటి పందేన్నే క్వాలిఫయింగ్ బెట్ అంటారు.

అసలు డబ్బు వచ్చేది రెండో మెట్టులో. ఫ్రీ బెట్ గెలిస్తే లాభం మాత్రమే ఇస్తారు, 30 పౌండ్ల అసలు ఇవ్వరు. కాబట్టి ఇక్కడ సూత్రం మారుతుంది: బ్యాక్ ఆడ్స్‌లోంచి ఒకటి తీసేసి గుణించాలి. 5.0 ఆడ్స్ మీద ఫ్రీ బెట్ పెట్టి 5.2 దగ్గర లే చేస్తే లే మొత్తం 23.17, లయబిలిటీ 97.31, ఏ ఫలితం వచ్చినా చేతికి సుమారు 22.70. అదే ఫ్రీ బెట్‌ను 2.0 మీద పెట్టి 2.06 దగ్గర లే చేస్తే మిగిలేది 14.41 మాత్రమే. కొత్తవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. గెలిచే అవకాశం ఎక్కువ కదా అని ఫేవరెట్ మీద ఫ్రీ బెట్ పెట్టి, రావలసిన దాంట్లో మూడో వంతు పైగా వదిలేస్తారు. ఎవరు గెలిచినా మనకు ఒకటే అయినప్పుడు ఫేవరెట్‌తో పనేముంది?

అలాగని ఆడ్స్ ఎంత పెద్దవైతే అంత మేలు అనుకోకూడదు. 4.0 మీద పెట్టి 4.1 దగ్గర లే చేస్తే 21.60 దాకా వస్తుంది, లయబిలిటీ 68.39తో సరిపోతుంది. 5.0తో పోలిస్తే తగ్గేది ఒక పౌండు, ఖాళీగా ఉండే పెట్టుబడి 29 పౌండ్లు. వంద, నూట యాభై పౌండ్లతో మొదలుపెట్టేవాళ్లకు 4.0 చుట్టుపక్కలే సరైన చోటు. చాలా గైడ్లు ఈ సంగతి చెప్పవు. శాతం ఎక్కువ వచ్చేదాన్నే చూపిస్తాయి.

ఇక పరికరాల సంగతి. పై రెండు సూత్రాలు తెలిస్తే క్యాలిక్యులేటర్‌కు పైసా కట్టనక్కర్లేదు. ఉచితంగా దొరికేవి చాలు, స్ప్రెడ్‌షీట్‌లో సొంతంగా రాసుకున్నా సరిపోతుంది. ఒక్క పొరపాటుకు మాత్రం ఆస్కారం ఉంది: మామూలు బెట్, అసలు తిరిగి రాని ఫ్రీ బెట్, అసలు కూడా ఇచ్చే ఫ్రీ బెట్ అని మూడు మోడ్‌లు ఉంటాయి. తప్పు మోడ్‌లో లెక్క వేసి లే చేస్తే ఒక పక్క లాభం, ఇంకో పక్క నష్టం మిగులుతాయి.

ఆడ్స్‌మ్యాచర్ పని వేరు. వందల మ్యాచ్‌లలో బ్యాక్, లే ఆడ్స్ దగ్గరగా ఉన్నవాటిని వరసలో చూపిస్తుంది. చేత్తో వెతికితే ఒక్కో ఆఫర్‌కు అరగంట పట్టే పని నిమిషంలో తేలుతుంది. అందుకే దీనికి డబ్బు కట్టవచ్చు. కానీ అందులో కనిపించే ఆడ్స్ కొన్ని నిమిషాల పాతవి కావచ్చు. రేటింగ్ (100 పౌండ్లు కాస్తే ఎంత తిరిగి వస్తుందో చెప్పే అంకె) 100 దాటి కనిపించే వరసల మీద చాలామంది ఆశపడతారు. వాటిలో ఎక్కువ భాగం బుక్‌మేకర్ అప్పటికే మార్చేసిన పాత ధరలే. కొన్ని బుక్‌మేకర్ పొరపాటున పెట్టిన ధరలు. స్పష్టంగా తప్పు ధర అని తేలితే బెట్‌ను రద్దు చేసే హక్కు వాళ్ల నిబంధనల్లో ఉంటుంది. అప్పుడు బ్యాక్ పోతుంది, లే మాత్రం ఎక్స్ఛేంజ్‌లో అలాగే ఉండిపోతుంది. మీరు తెలియకుండానే అసలైన జూదం ఆడుతున్నట్టు. 95 నుంచి 98 మధ్య రేటింగ్ ఉండి, లే వైపు సరిపడా డబ్బు ఉన్న వరస తీసుకోవడం మంచిది. ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్‌లో మ్యాచ్ ఫలితం మార్కెట్‌లో (ఎవరు గెలుస్తారనే పందెంలో) అలాంటివి తేలిగ్గా దొరుకుతాయి.

ఎక్స్ఛేంజ్ ఎంపికలో ముందు చూడాల్సింది కమీషన్. బెట్‌ఫెయిర్‌లో డబ్బు లోతు ఎక్కువ, అంటే ఎదురు పందేనికి సిద్ధంగా ఉన్న డబ్బు ఎక్కువ; చిన్న లీగులలో, గుర్రప్పందేలలో కూడా లే తొందరగా మ్యాచ్ అవుతుంది. కానీ ఖాతా సెట్టింగుల్లో ఏ ప్యాకేజీలో ఉన్నారో చూసుకోవాలి: బేసిక్ అయితే 2 శాతం, రివార్డ్స్ అయితే 5. పైన చెప్పిన క్వాలిఫయింగ్ బెట్‌నే 5 శాతంతో లెక్కిస్తే 40 పెన్నీల ఖర్చు 55 అవుతుంది, 5.0 మీద పెట్టిన ఫ్రీ బెట్‌లో ఇంకో 56 పెన్నీలు తగ్గుతాయి. ఒక ఆఫర్‌లో చిన్న మొత్తమే, ముప్పై ఆఫర్లలో అదే నెల చందా. స్మార్కెట్స్‌లో మామూలు కమీషన్ 2 శాతం, స్క్రీన్ కూడా కొత్తవాళ్లకు సులువు. లోతు తక్కువైన మార్కెట్లలో మాత్రం సగం మ్యాచ్ అయి ఆగిపోవచ్చు.

పందేలు పెట్టే వరస ఎప్పుడూ ఒక్కటే: రెండు పేజీలూ తెరిచి పెట్టుకోవాలి, ముందు బుక్‌మేకర్ దగ్గర బ్యాక్, అది ఖాయం అయ్యాకే లే. తిరగేసి చేస్తే, లే పెట్టాక బుక్‌మేకర్ ధర మార్చినా, పందెం మొత్తానికి కోత పెట్టినా ఇరుక్కుపోతారు. లే పెట్టాక అది పూర్తిగా మ్యాచ్ అయిందని చూసే వరకు పేజీ మూయకూడదు. కొంత మ్యాచ్ కాకపోతే, పెన్నీ నష్టమైనా సరే, మిగతాది ఒక మెట్టు పై ఆడ్స్‌కు లే చేసేయడమే. ఆడ్స్ వెనక్కి వస్తాయని కూర్చుంటే ఆట మొదలవుతుంది, గోల్ పడుతుంది, మార్కెట్ ఆగిపోతుంది.

మార్కెట్ పేరు చదవకపోవడం వల్ల పోయే డబ్బు కూడా తక్కువేం కాదు. కప్ మ్యాచ్‌లలో ‘90 నిమిషాల ఫలితం’ వేరు, ‘తర్వాతి రౌండ్‌కు వెళ్లేది ఎవరు’ వేరు. టెన్నిస్‌లో ఆటగాడు మధ్యలో తప్పుకుంటే ఒకచోట ఒక సెట్ పూర్తయితే బెట్ చెల్లుతుంది, ఇంకోచోట మ్యాచ్ పూర్తి కావాల్సిందే. క్వాలిఫయింగ్ బెట్లకు టెన్నిస్ జోలికి పోకపోవడమే మంచిది. గుర్రప్పందెంలో ఒక గుర్రం తప్పుకుంటే బుక్‌మేకర్ రూల్ 4 ప్రకారం గెలుపులో పౌండుకు ఇన్ని పెన్నీలని కోస్తాడు. ఎక్స్ఛేంజ్ తన సొంత రిడక్షన్ ఫ్యాక్టర్‌తో ఆడ్స్ తగ్గిస్తుంది. రెండూ సరిగ్గా కలవవు. అందుకే గుర్రాల మీద బెట్లు ముందురోజు కాకుండా పరుగుకు కాస్త ముందు పెట్టాలి. అప్పుడు లే వైపు డబ్బు కూడా బాగా ఉంటుంది.

ఆఫర్ షరతుల్లో తరచూ తప్పిపోయేవి మూడు. కొన్ని ఈ-వాలెట్లతో డబ్బు వేస్తే ఆఫర్ వర్తించదు కాబట్టి డెబిట్ కార్డే వాడాలి. క్రెడిట్ కార్డులతో జూదం 2020 ఏప్రిల్ 14 నుంచి బ్రిటన్‌లో నిషేధం. క్యాష్ అవుట్ నొక్కి ఆట ముగియకముందే పందెం తెంచుకుంటే క్వాలిఫయింగ్ బెట్ లెక్కలోకి రాదు. ఫ్రీ బెట్‌కు గడువు ఉంటుంది, చాలాచోట్ల వారమే.

డబ్బు ఏ ఖాతాలో ఉందన్నది కూడా కంగారు పెడుతుంది. బుక్‌మేకర్ దగ్గర వరసగా గెలిస్తే ఎక్స్ఛేంజ్ ఖాతా ఖాళీ అవుతుంది. మొత్తంలో నష్టమేం లేదు, డబ్బు ఆ పక్కకు వెళ్లింది, అంతే. కానీ ఎక్స్ఛేంజ్‌లో మళ్లీ మళ్లీ డబ్బు వేయాల్సి వస్తుంది. 2025 ఫిబ్రవరి 28 నుంచి 30 రోజుల్లో తీసిన డబ్బు పోను వేసింది 150 పౌండ్లు దాటితే ఆపరేటర్ (బెట్టింగ్ సంస్థ) ఆర్థిక ఇబ్బందుల తనిఖీ చేయాలి. ఇది దివాలా, కోర్టు అప్పుల వంటి పబ్లిక్ రికార్డులు చూసే తేలికపాటి తనిఖీ. భయపడాల్సింది లేదు గానీ ఎక్స్ఛేంజ్ ఖాతా ఈ గీత తొందరగా దాటుతుందని ముందే తెలిసి ఉండాలి. ఈ లావాదేవీలకు విడిగా ఒక బ్యాంకు ఖాతా పెట్టుకోండి. ఇంటి లోన్‌కు స్టేట్‌మెంట్ ఇచ్చినప్పుడు డజన్ల కొద్దీ బుక్‌మేకర్ పేర్లు కనిపిస్తే లోన్ దరఖాస్తు పరిశీలించే అండర్‌రైటర్ ప్రశ్నలు అడుగుతాడు. పన్ను బెంగ లేదు: పందెం కాసేవాళ్ల మీద పడే బెట్టింగ్ డ్యూటీ 2001లోనే పోయింది, గెలుపు మీద ఆదాయపు పన్ను లేదు.

కొత్త ఖాతాల ఆఫర్లు అయిపోయాక చందా సైట్లు గట్టిగా ప్రచారం చేసేది పాత కస్టమర్ల ఆఫర్లు. వీటిలో ‘రెండు గోల్స్ ముందంజ వేస్తే అప్పుడే చెల్లిస్తాం’ అనే రకం నిజంగా బాగుంటుంది. 50 పౌండ్లు 2.0కు బ్యాక్ చేసి 2.06 దగ్గర లే చేస్తే మామూలుగా పోయేది 1.96. జట్టు రెండు గోల్స్ ముందుకు వెళ్లి చివరికి గెలవకపోతే రెండు వైపులా గెలిచి 98 పౌండ్లు వస్తాయి. 51 మ్యాచ్‌లలో ఒకసారి అలా జరిగితే లెక్క సరి. అంతకన్నా తరచుగా జరిగితేనే లాభం. కాబట్టి ఆడ్స్ తేడా ఇంతకన్నా తక్కువ ఉన్న మ్యాచ్‌లే ఎంచుకోవాలి, నెలల తరబడి ఓపిక ఉండాలి. ఆ ఓపిక లేనివాళ్లకు దీని కోసం చందా కట్టడం దండగ.

క్యాసినో ఆఫర్లను మ్యాచ్‌డ్ బెట్టింగ్ అని అమ్మడం మాత్రం తప్పు. అక్కడ లే చేయడానికి ఎక్స్ఛేంజ్ లేదు. 10 పౌండ్ల బోనస్‌ను 35 రెట్లు తిప్పాలంటే, అంటే మొత్తం 350 పౌండ్ల పందేలు కాయాలంటే, 4 శాతం హౌస్ ఎడ్జ్ (ప్రతి పందెంలో సగటున క్యాసినోకు మిగిలే వాటా) ఉన్న స్లాట్‌లో సగటున 14 పౌండ్లు పోతాయి. 2026 జనవరి 19 నుంచి బ్రిటన్‌లో జూదాన్ని నియంత్రించే గ్యాంబ్లింగ్ కమిషన్ ఈ తిప్పుడును 10 రెట్లకు పరిమితం చేసింది, క్రీడా పందేలనూ స్లాట్లనూ ఒకే ఆఫర్‌లో కలిపి ఇవ్వడాన్నీ ఆపింది. ఇప్పుడు అదే లెక్కలో సగటున 4 పౌండ్లే పోతాయి, కాగితం మీద లాభమే. కానీ సగటు రావడానికి ముందు చేతిలో డబ్బు ఎన్నోసార్లు సున్నా అవుతుంది, వేలు బటన్ మీదే అలవాటు పడుతుంది. ఆటలో వెనక్కి తగ్గలేని మనస్తత్వం ఉన్నవాళ్లూ, గామ్‌స్టాప్‌లో (ఆన్‌లైన్ జూదం నుంచి తమను తామే దూరం పెట్టుకునే పథకంలో) పేరు నమోదు చేసుకున్నవాళ్లూ ఈ పని మొత్తానికే దూరంగా ఉండాలి. ఇంట్లోవాళ్ల పేరు మీద ఖాతా తెరిచి మీరు ఆడటం కూడా వద్దు. అది నిబంధనల ఉల్లంఘన, గెలిచిన డబ్బు ఆపేస్తారు, మోసం కింద కేసు దాకా వెళ్లవచ్చు.

ఇంకొకటి, ఖాతాలు ఎప్పటికీ ఉండవు. ఆఫర్ వచ్చినప్పుడే కనిపించి, ఎప్పుడూ ఎక్స్ఛేంజ్ ధరకు దగ్గరగా కాసే కస్టమర్‌ను బుక్‌మేకర్ సులభంగా గుర్తుపడతాడు. ‘ఇకపై మీకు ప్రమోషన్లు వర్తించవు’ అని ఈమెయిల్ వస్తుంది, లేదా 20 పౌండ్లు అడిగితే 50 పెన్నీలే ఒప్పుకుంటాడు. చట్టంలో దీనికి మందు లేదు. మధ్యమధ్యలో మామూలు బెట్లు పెడితే ఖాతా ఎక్కువ కాలం నిలుస్తుందని గైడ్లు చెబుతాయి. ఆ బెట్లకు కూడా పెన్నీలు పోతాయి గనుక విలువైన ఆఫర్లు తరచుగా ఇచ్చే ఒకటి రెండు ఖాతాలకే ఆ ఖర్చు పెట్టాలి.

చందా కట్టాలనుకుంటే నెల చూసి కట్టండి. మార్చిలో నాలుగు రోజుల చెల్టెన్‌హమ్ గుర్రప్పందేల పండగ, ఏప్రిల్‌లో గ్రాండ్ నేషనల్ గుర్రప్పందెం, ఆగస్టులో ప్రీమియర్ లీగ్ మొదలయ్యే వారాలు ఆఫర్లకు మంచి కాలం. వాటికి పది రోజుల ముందే ఎక్స్ఛేంజ్ ఖాతా తెరిచి గుర్తింపు పత్రాలు ఇచ్చేయాలి. పందెం కాయకముందే పేరు, వయసు, చిరునామా తేల్చుకోవాలని 2019 మే నుంచి నియమం ఉంది. ఆ పని పండగ రోజున పెట్టుకుంటే ఆఫర్ గడువు దాటిపోతుంది. చందా ఆటోమేటిక్‌గా రెన్యూ కాకుండా కట్టిన రోజే రద్దు చేసుకోండి, నెలాఖరు వరకు ఆడ్స్‌మ్యాచర్ పనిచేస్తుందో లేదో వాళ్ల షరతుల్లో ముందే చూసుకుని.