మెషిన్ మంచిదే, నా గొడవంతా డబ్బాలో వచ్చిన కఫ్‌తోనే

ఈ బీపీ మెషిన్ మా ఇంట్లోకి వచ్చి ఏళ్లయింది. జబ్బకి చుట్టే రకం, బ్లూటూత్ ఉంది, ఇద్దరి రీడింగులు విడివిడిగా దాచుకుంటుంది. మిగతా వివరాలన్నీ అమ్మకం పేజీలోనే దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను రాసేది డబ్బాలో మెషిన్‌తో పాటు పెట్టిచ్చే కఫ్ గురించి, అంటే జబ్బకి చుట్టి గాలి నింపే పట్టీ గురించి. దాని మీద నా కోపం ఇంకా చల్లారలేదు.

నాది లావు చెయ్యి. ఆ కఫ్ లోపలివైపు, బూడిదరంగు సన్నక్షరాల్లో 22–32 సెం.మీ. అని ఉంటుంది, అంటే అంత చుట్టుకొలత ఉన్న జబ్బకే అది సరిపోతుందని. చుట్టేటప్పుడు ఆ అక్షరాలు చర్మం వైపు ఉంటాయి, కంటికి కనపడవు. వెల్క్రో కొస ఎలాగోలా అందేది, గాలి నిండేటప్పుడు చిటపటమనేది. ఇంతకీ ఈ మెషిన్‌లో కఫ్ సరిగ్గా చుట్టారో లేదో చెప్పే గుర్తు ఒకటుంది. కొన్న కొత్తలో దాన్ని నేను అందరి దగ్గరా మెచ్చుకున్నాను కూడా. నాకు చాలని కఫ్ మీద ఆ గుర్తు రోజూ ఠంచనుగా ‘ఓకే’ అని వెలిగేది. అది చూసేది బిగుతుని మాత్రమేనట, సైజుని కాదు. గుండె లయ తప్పితే చెప్పే మెషిన్, చెయ్యి కదిలితే చెప్పే మెషిన్, కఫ్ చిన్నదైన సంగతి మాత్రం చెప్పదు.

చిన్న కఫ్ వేస్తే బీపీ ఎక్కువ చూపిస్తుంది. లోపలి గాలితిత్తి చెయ్యి చుట్టూ చాలినంత రాకపోతే ఒత్తిడి లోపలికి సమంగా దిగదు. రక్తనాళాన్ని నొక్కడానికి మరింత గాలి కొట్టాల్సి వస్తుంది, ఆ అదనపు ఒత్తిడిని కూడా మెషిన్ మన బీపీలోనే కలిపేస్తుంది. ఎంత తేడా వస్తుందో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ పరిశోధకులు 195 మంది మీద కొలిచి 2023లో ప్రచురించారు. పెద్ద కఫ్ కావాల్సినవాళ్లకి మామూలు కఫ్ వేస్తే పై అంకె సగటున 4.8 పాయింట్లు ఎక్కువ వచ్చింది. ఇంకా పెద్ద సైజు కావాల్సినవాళ్లకైతే 19.5. చెయ్యి సన్నగా ఉండి చిన్న కఫ్ కావాల్సినవాళ్లకి అదే మామూలు కఫ్ 3.6 తక్కువ చూపించింది. అంటే బక్కపలచటివాళ్లు కూడా నిశ్చింతగా ఉండటానికి లేదు.

నా విషయంలో జరిగింది ఇది. ఇంట్లో ఎప్పుడు చూసినా పై అంకె ఎక్కువే. క్లినిక్‌లో కూడా గోడకి తగిలించిన ఒకే ఒక్క కఫ్‌ని వచ్చినవాళ్లందరికీ వేసేవారు, కాబట్టి అక్కడా ఎక్కువే. రెండూ ఒకే మాట చెబుతుంటే డాక్టరు మాత్రం ఏం చేస్తారు? రెండో మందు మొదలుపెట్టారు, కొన్నాళ్లకి దాని డోసు పెంచారు. అయినా ఇంటి మెషిన్ 140 దగ్గరే తచ్చాడేది. ఇంట్లో కొలిచే బీపీకి సగటు 135/85 దాటితే ఎక్కువ కింద లెక్క, క్లినిక్‌లో 140/90. ఆ లెక్కన నాది ఇంకా అదుపులో లేనట్టే. ఈలోగా కుర్చీలోంచి లేస్తే కళ్లు బైర్లు కమ్మడం మొదలైంది. స్నానం చేసి బయటికొస్తూ తలుపు పట్టుకుని నిలబడ్డ రోజులున్నాయి. బీపీ తగ్గకపోవడం వల్లే ఇదంతా అనుకున్నాం ఇంట్లో.

ఆ సమయంలో క్లినిక్‌లో పద్ధతి మారింది. బీపీ, షుగరు లాంటి దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు విడిగా ఒక నర్సు దగ్గర కూర్చోవాలి. ఇంటి మెషిన్, కఫ్, వాడే మందులన్నీ వెంట తీసుకెళ్లాలి. రోగిని మధ్యలో పెట్టి వైద్యం చేయాలన్న మాట కొత్తదేం కాదు. ఎడ్వర్డ్ వాగ్నర్ అనే అమెరికా డాక్టరు, ఆయన సహచరులు 1990ల్లో తయారుచేసిన దీర్ఘకాలిక జబ్బుల వైద్య నమూనాలో, తన జబ్బు గురించి తెలిసిన రోగి, ముందే సిద్ధపడి ఉన్న వైద్యబృందం, ఈ ఇద్దరి మధ్య జరిగే మాటే అసలు సంగతి. నిజం చెప్పాలంటే ఇదంతా ఫారాలు నింపే తంతనుకుని వెళ్లాను.

నర్సు ముందు అంకెలు అడగలేదు. “ఈమధ్య మీకు అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతున్నదేంటండీ?” అంది. కళ్లు తిరగడం అన్నాను. మామూలుగా నన్ను అడిగే మొదటి ప్రశ్న మందులు వేసుకుంటున్నారా అనే, దానికి అవునంటే అక్కడితో అయిపోయేది. ఈవిడ నా చొక్కా చెయ్యి భుజం దాకా మడవమని, దర్జీలు వాడే టేపు తీసింది. భుజం ఎముక చివరి నుంచి మోచేతి ఎముక దాకా కొలిచి, సరిగ్గా మధ్యలో పెన్నుతో చిన్న గీత పెట్టి, ఆ గీత దగ్గర చుట్టుకొలత తీసింది. 38 సెం.మీ. నా కఫ్ తిరగేసి, లోపలున్న ఆ బూడిదరంగు అంకెలు చూపించింది. తర్వాత నా కఫ్‌తో ఒకసారి, వాళ్లు కొత్తగా తెప్పించిన పెద్ద కఫ్‌తో ఒకసారి, మధ్యలో విరామమిచ్చి మళ్లీ మార్చి మార్చి కొలిచింది. నా కఫ్‌తో 140, పెద్దదానితో 129. ఆ పెద్ద కఫ్ ఉంచే, నన్ను లేచి నిలబడమని మళ్లీ కొలిస్తే 108.

నిలబడగానే పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే దాన్ని పట్టించుకోవాల్సిందే. ఆ రోజు నేను వెళ్లింది డోసు ఇంకా పెంచుదామా అన్న మాట మీద! డాక్టరు కంగారుపడి మందు ఆపేయలేదు. సరైన కఫ్‌తో వారం రోజులు పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి, మొదటి రోజువి తీసేసి మిగతావాటి సగటు పంపమన్నారు. ఆ సగటు చూశాక రెండో మందు డోసు సగం చేశారు. కళ్లు తిరగడం మెల్లమెల్లగా తగ్గింది. ఇది నా ఒంటి సంగతి. కఫ్ చిన్నదని తేలినంత మాత్రాన మీ అంతట మీరు మాత్ర మానేస్తే అది ఇంకో ప్రమాదం.

నా కడుపుమంటంతా దేనికంటే, ఇంట్లో బీపీ చూసుకోవడం వల్ల ఒరిగే మేలు ఎంతో పరిశోధనల్లో వెతికితే కనిపించే అంకెలు కూడా ఇంత చిన్నవే. బ్రిటన్‌లో 1,182 మందితో చేసి 2018లో ‘లాన్సెట్’ అనే వైద్యపత్రికలో వేసిన అధ్యయనం ఉంది. రోగులు ఇంట్లో చూసుకున్న రీడింగులని బట్టి డాక్టర్లు మందులు సర్దితే, ఏడాది తర్వాత పై అంకె మామూలు వైద్యంలో ఉన్నవాళ్లకన్నా 3.5 తక్కువ. రీడింగులు ఫోన్ ద్వారా పంపినవాళ్లకి 4.7 తక్కువ. ఇది తక్కువేం కాదు, జనం మొత్తం మీద చూస్తే ఎన్నో పక్షవాతాలు తప్పుతాయి. కానీ ఒక్క సైజు చిన్న కఫ్ తెచ్చే తప్పు కూడా సగటున 4.8! ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాక్కున్నట్టే కదా. పైగా పెద్ద చేతులవాళ్లలో బీపీ ఉన్నవాళ్లే ఎక్కువ. అలాంటివాళ్లు కొనే వస్తువులో వాళ్లకి సరిపోయే భాగాన్ని విడిగా అమ్మడమేమిటి?

బ్లూటూత్‌ని కూడా ఒకప్పుడు తెగ పొగిడాను. ఇప్పుడు అంత ఊపు లేదు. గ్రాఫ్ చూడటానికి బాగుంటుంది, అవతల చూసేవాళ్లు ఉంటే. 25 అధ్యయనాల్లోని 10,487 మంది వివరాలు కలిపి 2017లో వేసిన విశ్లేషణలో తేలింది కూడా అదే: ఊరికే ఇంట్లో చూసుకుంటూ కూర్చుంటే ఏడాదికి తగ్గేది 1 పాయింటు, వైద్యసిబ్బంది గట్టిగా వెంట ఉండి మందులూ అలవాట్లూ సర్దితే 6.1. నాకు పనికొచ్చింది నర్సు రాసిచ్చిన కాగితం. వారం సగటు ఇంత దాటితే ఫోన్ చెయ్యి, ఇంతకన్నా తగ్గితే ఫోన్ చెయ్యి, కళ్లు తిరిగితే అంకెతో పనిలేకుండా ఫోన్ చెయ్యి. మెషిన్ మీద ‘సగటు’ మీట ఉంది కదా అనుకునేరు, అది ఇచ్చేది పది నిమిషాల్లోపు తీసిన చివరి మూడు రీడింగుల సగటు మాత్రమే, వారానిది కాదు. వారం లెక్క ఇప్పటికీ కాగితం మీదే వేస్తున్నాను.

చెయ్యి పెట్టే తీరు కూడా నర్సే సరిదిద్దింది. బల్ల మీద, కఫ్ గుండె ఎత్తులో ఉండాలి. ఒళ్లో పెట్టుకుంటే పై అంకె ఓ 4, పక్కకి వేలాడేస్తే ఆరున్నర ఎక్కువ చూపిస్తుందని 2024లో వచ్చిన ఇంకో అధ్యయనం. మాన్యువల్‌లో ఇది బొమ్మతో సహా ఉంది, అందులో కంపెనీని తప్పుపట్టను.

మరి కొనొచ్చా? మెషిన్ వరకూ నాకు ఫిర్యాదు లేదు, క్లినిక్ దానితో పోల్చి చూసిన ప్రతిసారీ దగ్గరగానే వచ్చింది. మీ చెయ్యి 22కీ 32కీ మధ్య ఉంటే నా గోలంతా మీకు వర్తించదు, నిక్షేపంగా కొనుక్కోండి. లేకపోతే ముందు టేపు తీసి కొలుచుకుని, ఆ సైజు కఫ్ డబ్బాలో పెట్టి అమ్మే మోడల్ చూడండి. గుండె లయ ఎప్పుడూ తప్పే జబ్బున్నవాళ్లు, గర్భిణులు నా మాట మీద నిర్ణయించుకోవద్దు. వాళ్ల విషయంలో మెషిన్‌ని విడిగా పరీక్షించి ఉండాలి, డాక్టర్నే అడగాలి. రేటింగ్ అంటే, నా చేతికైతే సగానికి పైన కొంచెం, మా ఇంట్లో దీన్నే వాడే రెండో మనిషి చేతికైతే దాదాపు పూర్తి మార్కులు.

పెద్ద కఫ్‌కి ఇంకో కంపెనీది చవగ్గా దొరికినా తీసుకోలేదు. మెషిన్, కఫ్ జంటగానే పరీక్షకి నిలుస్తాయి, కఫ్ మారిస్తే ఆ అంకెలకి పూచీ ఉండదు. ఆ కంపెనీదే విడిగా కొన్నాను. దాని వెల్క్రో అప్పుడే పట్టు వదులుతోంది.